ముప్పై ఆరులో సున్నా

(ఒక పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్న ఈ కాగితాలు వెనక వరుసల్లో కూర్చున్నవారికి కనిపిస్తున్నాయో లేదో. మొత్తం తొమ్మిది పేజీలు. మా అక్కయ్య కొత్త ఫోను తీసుకున్నాక వచ్చిన మొదటి బిల్లు ఇది. ముప్పై ఒక్క సంవత్సరాలు నేను ఖాతాలు చూసే ఉద్యోగం చేశాను. జమ, ఖర్చు, బకాయి, తరుగుదల, ఇవే నా రోజువారీ మాటలు. అంత అలవాటున్నా ఈ తొమ్మిది పేజీలు విప్పి చూసుకోవడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. ఈ బిల్లు లక్షలమంది ఇళ్లకు వెళ్తుంది. అందులో ఎంతమందికి ఒక సాయంత్రమంతా ఖాళీ ఉంటుంది? ఆ ప్రశ్న మనసులో పడ్డాకే ఈరోజు మాట్లాడటానికి ఒప్పుకున్నాను.

నాలుగో పేజీలో రెండు వరుసలున్నాయి. చదువుతాను, వినండి. మొదటి వరుస: ‘ఫోను వాయిదా, 36లో 1’. దాని ఎదురుగా ఒక మొత్తం. రెండో వరుస: ‘ప్రత్యేక తగ్గింపు, 36లో 0’. దాని ఎదురుగా సున్నా. వాయిదా మొదలైంది, తగ్గింపు మొదలు కాలేదు. దుకాణంలో మాకు చెప్పిన మాట ఇది కాదు. ‘పాత ఫోను ఇచ్చేయండి, కొత్తదాని ధరలో ముప్పాతిక వంతు తగ్గిపోతుంది’ అన్నారు. అక్కయ్య ఆ మాట విని, ధర తగ్గింది కాబట్టి మిగిలిన పాతిక వంతే తాను బాకీ పడిందనుకుంది. నిజానికి ఆమె పూర్తి ధరకు బాకీ పడింది. ఆ బాకీని ముప్పై ఆరు భాగాలు చేసి నెలనెలా వసూలు చేస్తారు. తగ్గింపును కూడా ముప్పై ఆరు ముక్కలు చేసి, నెలకో ముక్క చొప్పున బిల్లులో జమ వేస్తారు. ఆ జమ కూడా మొదటి నెల నుంచి కాదు. ‘రెండు మూడు బిల్లుల తర్వాత కనిపిస్తుంది’ అని ఎనిమిదో పేజీ చివర చిన్న అక్షరాల్లో ఉంది.

ధర తగ్గించడం వేరు, తగ్గిస్తామని మూడేళ్లపాటు మాట ఇవ్వడం వేరు. నేను ఈరోజు చెప్పదలచుకున్నదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆ దుకాణం సంగతి చెప్పనివ్వండి. అక్కయ్యకు అరవై ఎనిమిదేళ్లు. పాత ఫోనుకు బ్యాటరీ ఉబ్బి, తెర కొద్దిగా పైకి లేచింది. ఇక కొత్తది తప్పదని ఇద్దరం వెళ్లాం. అక్కడున్న అబ్బాయి చాలా మర్యాదస్తుడు. నాకు అతనిమీద ఏ కోపమూ లేదు. నెలకు ఇన్ని కనెక్షన్లు, ఇన్ని బీమాలు అమ్మాలని అతని నెత్తిన లెక్క ఉంటుందని నాకు తెలుసు. ఫోను ఎంచుకోవడానికి పది నిమిషాలు పట్టింది. కాగితాల పని గంటా ఇరవై నిమిషాలు. కాగితాలు అన్నానే గానీ అక్కడ కాగితం లేదు. ఒక టాబ్లెట్ ఉంది. దాన్ని తన వైపు తిప్పుకుని అతను వేలితో పైకి తోస్తూ ఉంటాడు, అక్షరాలు జరజరా పరుగెత్తుతుంటాయి, ఒక గడి వచ్చినప్పుడు మా వైపు తిప్పి ‘ఇక్కడ సంతకం పెట్టండి మేడమ్’ అంటాడు. అక్కయ్య వేలితో సంతకం పెడుతుంది. మళ్లీ తన వైపు తిప్పుకుంటాడు. అలా ఐదుసార్లు.

మూడోసారి అక్కయ్య వేలు ఆగింది. ‘ఇది దేనికి బాబూ?’ అని అడిగింది. ‘మామూలుగా అందరూ పెట్టేదే మేడమ్’ అన్నాడు. ఆ తర్వాత నేను ఆ టాబ్లెట్ నా చేతిలోకి తీసుకుని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. మా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. వారిలో ఒకాయన గడియారం చూసుకుంటున్నాడు. ఒక చంటిబిడ్డ ఏడుస్తోంది. ఆ ఒత్తిడిలో ఎవరైనా ఒప్పంద పత్రం చదవగలరా? చదవనివ్వని చోట, చదవనివ్వని తీరులో సంతకం తీసుకుని, రేపు గొడవ వస్తే ‘మీరు చదివే సంతకం పెట్టారు కదా’ అంటారు. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టిన విషయం. ఆ మూడో సంతకం దేనికో తెలుసా? నెలనెలా కట్టే ఫోను బీమాకు. మేము అడగనే లేదు. అడగకుండానే టిక్కు పెట్టి ఉంది. తీసేయమన్నాక తీసేశాడు. నేను చదవకపోయి ఉంటే అది ముప్పై ఆరు నెలలూ నడిచేది.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది? కొంచెం వెనక్కి వెళ్దాం. ఒక పాత లెక్క చూస్తే ఇప్పటి లెక్క తేలికగా అర్థమవుతుంది.

2007 జూన్‌లో అమెరికాలో మొదటి ఐఫోన్ అమ్మకానికి వచ్చింది. ధర 499 డాలర్లు, ఎక్కువ నిల్వ ఉన్నదానికి 599. ఒకే ఒక్క నెట్‌వర్క్ కంపెనీ, ఏటీ అండ్ టీ, దాన్ని అమ్మింది. ఇంత ధర పెట్టి కొన్నవాళ్లు కూడా రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టాల్సిందే. అదే సంవత్సరం సెప్టెంబరులో 599 డాలర్ల ఫోను ధర 399కి దించారు. 2008 జూలైలో ఐఫోన్ 3జీ వచ్చింది. రెండేళ్ల కాంట్రాక్టుతో 199 డాలర్లకే అన్నారు. ధర సగానికి సగం పడిపోయిందని జనం దుకాణాల ముందు బారులు తీరారు. అయితే అదే సమయంలో ఆ ఫోనుకు ఇంటర్‌నెట్ ప్లాను నెలకు 20 డాలర్ల నుంచి 30 డాలర్లకు పెరిగింది. ఇప్పుడు లెక్క వేయండి. ఫోను ధరలో తగ్గింది 200 డాలర్లు. నెలకు పెరిగింది 10 డాలర్లు. కాంట్రాక్టు 24 నెలలు. అంటే పెరిగింది 240. ఎడమ చేత్తో రెండు వందలు ఇచ్చి, కుడి చేత్తో రెండు వందల నలభై తీసుకున్నారు. దుకాణం అద్దం మీద పెద్ద అక్షరాల్లో కనిపించింది మాత్రం 199.

దీన్ని సబ్సిడీ అన్నారు. తెలుగులో రాయితీ అంటాం. రాయితీ అంటే ఎవరో మన భారాన్ని కొంత మోయడం. ఇక్కడ ఎవరూ ఏమీ మోయలేదు. కంపెనీ ఫోనుకు ముందుగా డబ్బు పెట్టింది, నెలవారీ బిల్లులో కలిపి వెనక్కి రాబట్టుకుంది. అది అప్పు. అప్పును అప్పు అని చెప్పకుండా రాయితీ అన్నారు, గొడవంతా అక్కడే మొదలైంది. అప్పు అని చెబితే మనిషి మూడు ప్రశ్నలు అడుగుతాడు. అసలు ఎంత? వడ్డీ ఎంత? ఎప్పటికి తీరుతుంది? రాయితీ అన్నప్పుడు ఆ మూడు ప్రశ్నలూ ఎవరి నోటా రావు.

మూడో ప్రశ్న చాలా ముఖ్యం. ఆ రెండేళ్లూ గడిచాక ఫోను బాకీ తీరిపోయినట్టే కదా? మరి బిల్లు తగ్గాలి కదా? చాలామందికి తగ్గలేదు. సేవకు ఎంత, ఫోనుకు ఎంత అని విడదీసి ఎప్పుడూ చూపించలేదు కాబట్టి, ఇరవై ఐదో నెలలో కూడా మనిషి అదే మొత్తం కట్టుకుంటూ పోయాడు. తీరిపోయిన బాకీకి వాయిదాలు కట్టడం అన్నమాట. కదలకుండా నమ్మకంగా ఉన్న ఖాతాదారులే ఎక్కువ చెల్లిస్తున్నారని బ్రిటన్‌లో సిటిజన్స్ అడ్వైస్ అనే సంస్థ 2018లో పోటీ వ్యవహారాలు చూసే అధికార సంస్థకు ఫిర్యాదు చేసింది. అందులో మొబైల్ కాంట్రాక్టులు కూడా ఉన్నాయి. 2020 ఫిబ్రవరి నుంచి అక్కడ కాంట్రాక్టు గడువు ముగియబోతోందని కంపెనీలే ముందుగా ఖాతాదారుకు చెప్పాలన్న నియమం వచ్చింది. చిన్న విషయమే. ఒక్క సందేశం. అది పంపడానికి కూడా నియంత్రణ సంస్థ ఆదేశం కావలసి వచ్చింది.

మధ్యలో వదిలి వెళ్లాలంటే ఏమవుతుంది? 2009 నవంబరులో అమెరికాలో వెరైజన్ కంపెనీ స్మార్ట్‌ఫోన్లకు ముందస్తు రద్దు రుసుమును 175 డాలర్ల నుంచి 350కి పెంచింది. అంటే రెట్టింపు. నెలకు 10 డాలర్ల చొప్పున అది తగ్గుతుంది అన్నారు. సరే, ఇరవై మూడు నెలలు బుద్ధిగా కట్టినవాడి సంగతి చూద్దాం. 350లోంచి 230 పోతే ఇంకా 120 ఉంది. ఇంకొక్క నెల మిగిలి ఉన్న మనిషి 120 డాలర్ల జరిమానా కట్టాలి. ఫోను మీద కంపెనీ పెట్టిన డబ్బును రాబట్టుకోవడానికే ఈ రుసుము అయితే, చివరి నెలకు అది దాదాపు సున్నాకు రావాలి కదా? దీని మీద అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ ఆ కంపెనీని వివరణ కూడా అడిగింది.

జపాన్‌లో దీనికి ఒక పేరే ఉండేది. ‘రెండేళ్ల షిబారి’ అనేవారు. షిబారి అంటే కట్టివేయడం. అక్కడి కాంట్రాక్టుల్లో రెండేళ్లు పూర్తయ్యాక కూడా విడుదల దానంతట అది వచ్చేది కాదు. ఎవరూ ఏమీ చెప్పకపోతే మరో రెండేళ్లకు ఒప్పందం తనంతట తానే కొనసాగేది. గడువు ముగిసే చోట ఉండే చిన్న సందులోనే రద్దు చేసుకోవాల్సి ఉండేది. ఆ సందు దాటితే 9,500 యెన్‌లు కట్టాల్సి వచ్చేది. తలుపు ఉండేది, అది రెండేళ్లకోసారి కొద్దికాలమే తెరుచుకునేది. 2019 అక్టోబరులో చట్టం మార్చి, రద్దు రుసుము 1,000 యెన్‌లకు మించకూడదన్నారు. తొమ్మిదిన్నర వేలు ఉన్నచోట వెయ్యి సరిపోయిందంటే, మిగిలిన ఎనిమిదిన్నర వేలు ఇన్నాళ్లూ ఎందుకు వసూలు చేసినట్టు? నాకు ఇప్పటికీ దీనికి తృప్తికరమైన జవాబు దొరకలేదు.

ఇక అమెరికాలో 2013 మార్చిలో టీ-మొబైల్ కంపెనీ ఒక మంచి అడుగు వేసింది. సేవకు కాంట్రాక్టు తీసేసింది. ఫోను ధర వేరు, ప్లాను ధర వేరు. ఫోను వాయిదాల్లో తీసుకోవచ్చు, తీరగానే ఆ వరుస బిల్లులోంచి మాయమవుతుంది. మెల్లగా మిగతావి కూడా అదే దారి పట్టాయి. వెరైజన్ 2015 ఆగస్టులో, ఏటీ అండ్ టీ 2016 జనవరిలో కొత్త ఖాతాదారులకు పాత రెండేళ్ల రాయితీ కాంట్రాక్టులు ఆపేశాయి. లెక్కలు తెలిసిన మనిషిగా నాకు ఆ మార్పు నిజంగా నచ్చింది. బాకీ బాకీగా కనిపించింది.

కానీ అది ఎక్కువకాలం అలా నిలవలేదు. ఆ సంతకం వీధి గుమ్మంలోంచి బయటికి పోయి పెరటి గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. ఇప్పుడు ‘కాంట్రాక్టు లేదు’ అంటారు. నిజమే, ఆ పేరుతో లేదు. ఫోను మీద వాయిదాలున్నాయి, వాయిదాల మీద నెలవారీ తగ్గింపు ఉంది. మీరు మధ్యలో వెళ్లిపోతే జరిమానా లేదు, మిగిలిన తగ్గింపు మాత్రం రాదు, మిగిలిన బాకీ మొత్తం ఒక్కసారిగా కట్టాలి. జరిమానా అనే మాట లేకుండానే జరిమానా చేసే పనంతా జరిగిపోతుంది. పైగా గడువు 24 నెలల నుంచి చాలాచోట్ల 36 నెలలకు పాకింది.

దీన్ని నేను అక్కయ్య కోసం ఒక కాగితం మీద వేసి చూపించాను. మీకూ చెబుతాను. ఏ దేశపు డబ్బయినా అనుకోండి. తేలికగా ఉండటానికి గుండ్రటి అంకెలు తీసుకుందాం. ఫోను ధర 3,600. నెలకు 100 చొప్పున 36 వాయిదాలు. ముప్పాతిక వంతు తగ్గింపు, అంటే నెలకు 75 జమ. మొత్తం తగ్గింపు 2,700. వింటుంటే చాలా బాగుంది. అయితే ఈ తగ్గింపు కావాలంటే పెద్ద ప్లాను తీసుకోవాలని షరతు. ఇంతకుముందు మీ ప్లాను నెలకు 200, ఇప్పుడు 260. పెరిగింది 60. ముప్పై ఆరు నెలలకు 2,160. ఆ 2,700లోంచి ఈ 2,160 తీసేస్తే మిగిలింది 540. ఆగండి, ఇంకా ఉంది. మీరు పాత ఫోను ఇచ్చేశారు కదా. దాన్ని బయట అమ్ముకుంటే 800 వచ్చేదనుకోండి. అది కూడా పోయింది. ఇప్పుడు 540లోంచి 800 తీసేయండి. మీకు 260 నష్టం. ‘ముప్పాతిక వంతు తగ్గింపు’ తీసుకున్న మనిషి, ఏ తగ్గింపూ తీసుకోకుండా పూర్తి ధర పెట్టి కొన్న మనిషికంటే 260 ఎక్కువ చెల్లించాడు. మూడేళ్లు కదలకుండా కూర్చున్నందుకు దక్కింది అదీ.

అందరి విషయంలోనూ ఇలాగే తేలుతుందని నేను అనడం లేదు. పెద్ద ప్లాను ముందునుంచే వాడుతున్నవారికి, పాత ఫోనుకు బయట పెద్దగా విలువ లేనివారికి నిజంగా లాభమే ఉంటుంది. నా అభ్యంతరం ఏమిటంటే, ఈ లెక్క వేసుకోవడానికి కావలసిన నాలుగు అంకెలు నాలుగు చోట్ల ఉంటాయి. ఫోను వాయిదా ఒక తెర మీద, తగ్గింపు మరో తెర మీద, ప్లాను షరతు చిన్న అక్షరాల్లో, పాత ఫోను విలువ ఎక్కడా ఉండదు. దుకాణంలో నిలబడి ఈ నాలుగింటినీ ఒక గీత కిందికి తేవడం మనవల్ల కాదు. పై ఖర్చులు మళ్లీ వేరే. చాలాచోట్ల పన్నును తగ్గిన ధర మీద కాకుండా పూర్తి ధర మీద, అదీ మొదటి రోజే కట్టించుకుంటారు. కనెక్షన్ మొదలుపెట్టినందుకు ఒక రుసుము ఉంటుంది. అక్కయ్య మొదటి బిల్లులో ఆ రుసుము ఆరో పేజీలో ఉంది.

పాత ఫోను మార్పిడి గురించి ఒక మాట. దుకాణంలో చూసి విలువ చెబుతారు, ఆ ఫోనును మరో చోటికి పంపించి మళ్లీ పరీక్షిస్తారు. అక్కడ గీత ఉందనో, తెర దెబ్బతిందనో విలువ తగ్గించవచ్చు. అప్పటికి మీ చేతిలో ఫోను ఉండదు, సాక్ష్యమూ ఉండదు. అందుకని ఇచ్చేముందు నాలుగు వైపులా ఫోటోలు, తెర వెలుగుతుండగా ఒక వీడియో, ప్రతి ఫోనుకూ విడిగా ఉండే పదిహేను అంకెల గుర్తింపు సంఖ్య, అదే ఐఎంఈఐ సంఖ్య, తీసి పెట్టుకోండి. ఫోనులో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే ఆ సంఖ్య కనిపిస్తుంది. మేము అలా తీసి పెట్టుకున్నాం. తర్వాత అదే మమ్మల్ని కాపాడింది, చివర్లో చెబుతాను.

ఇప్పుడు తాళం సంగతి, అంటే ఫోనును ఒకే కంపెనీ సిమ్‌కు కట్టేసి ఉంచడం. అక్కయ్య కూతురు నిరుడు పై చదువుకు మరో దేశం వెళ్లింది. విమానం దిగాక అక్కడి సిమ్ కొని ఫోనులో వేసింది. తెర మీద ‘ఈ సిమ్ చెల్లదు’ అని వచ్చింది. ఆ రాత్రి విమానాశ్రయంలోని ఉచిత వైఫై మీద నాకు ఫోను చేసింది. ‘పిన్నీ, ఫోను పాడైందా? నేనేమైనా తప్పు చేశానా?’ అని అడిగింది. గొంతు వణుకుతోంది. బస చేయాల్సిన చోటు చిరునామా ఉంది, దారి చూసుకోవడానికి ఇంటర్‌నెట్ లేదు. ఫోను పాడు కాలేదు. ఆ పిల్ల తప్పూ చేయలేదు. ప్రతి సిమ్‌లోనూ ఉండే గుర్తింపు సంఖ్యలో మొదటి అంకెలు అది ఏ దేశానిదో, ఏ నెట్‌వర్క్‌దో చెబుతాయి. తాళం వేసిన ఫోను ఆ అంకెలు చూసి, తన కంపెనీవి కాకపోతే సిమ్‌ను తోసిపుచ్చుతుంది. పరికరంలో ఏ లోపమూ ఉండదు. పనిచేయగలిగిన యంత్రాన్ని పనిచేయకుండా ఆపి ఉంచుతారు, అంతే.

కంపెనీల వాదన నాకు తెలుసు. బాకీ తీరకముందే ఫోను పట్టుకుపోతే తమకు నష్టం, మోసగాళ్లు వాయిదాల మీద ఫోన్లు తీసుకుని అమ్ముకుంటారు అంటారు. అది ఉత్త మాట కాదు. అప్పు ఉన్నంతవరకు తాళం ఉండటాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ ఆ పిల్ల ఫోను బాకీ ఎప్పుడో తీరిపోయింది. తీరాక తాళం దానంతట అది ఎందుకు తెరుచుకోలేదు? దరఖాస్తు పెట్టుకోవాలట. అది పెట్టుకోవాలని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న అప్పు తీరిస్తే పత్రాలు మన చేతికి రావాలి. అడిగితేనే ఇస్తాం, అడగాలని మాత్రం మీకు చెప్పం అంటే ఒప్పుకుంటామా?

ఇంకో సంగతి చెబితే మీరు నమ్మకపోవచ్చు. అమెరికాలో కొంతకాలం, కంపెనీ అనుమతి లేకుండా కొత్తగా కొన్న ఫోను తాళం తెరవడం చట్టవిరుద్ధం అయింది. 1998 నాటి డిజిటల్ కాపీహక్కుల చట్టం కింద ఏ పనులకు మినహాయింపు ఇవ్వాలో అక్కడి కాంగ్రెస్ గ్రంథాలయం మూడేళ్లకోసారి నిర్ణయిస్తుంది. ఫోను తాళాలకు ఉన్న మినహాయింపును 2012 అక్టోబరులో ఎత్తివేశారు. 2013 జనవరి 26 తర్వాత కొన్న ఫోన్లకు అది వర్తించింది. పుస్తకాలనూ పాటలనూ కాపాడటానికి పుట్టిన చట్టం, మనం డబ్బు పెట్టి కొన్న ఫోనులో మనం ఏ సిమ్ వేసుకోవాలో చెప్పే దాకా వచ్చింది. జనం ఊరుకోలేదు. శ్వేతసౌధానికి పెట్టిన అర్జీ మీద లక్షకు పైగా సంతకాలు పడ్డాయి. 2014 ఆగస్టు 1న అధ్యక్షుడు ఒబామా కొత్త చట్టంపై సంతకం చేశాక తాళం తెరుచుకోవడం మళ్లీ చట్టబద్ధమైంది.

కెనడా ఇంకా ముందుకు వెళ్లింది. 2013 డిసెంబరులో అమల్లోకి వచ్చిన నియమావళి ప్రకారం రెండేళ్లు దాటాక ఎవరైనా ఏ రుసుమూ లేకుండా కాంట్రాక్టు వదులుకోవచ్చు. 2017 డిసెంబరు 1 నుంచి కొత్త ఫోన్లు తాళం లేకుండానే అమ్మాలి, పాతవాటికి తాళం తెరిచినందుకు రుసుము తీసుకోకూడదు. బ్రిటన్‌లో 2021 డిసెంబరు నుంచి తాళం వేసిన ఫోన్ల అమ్మకాన్నే నిషేధించారు. అక్కడ మరో బెడద కూడా ఉండేది. కాంట్రాక్టు మధ్యలో ద్రవ్యోల్బణం పేరు చెప్పి బిల్లు పెంచేవారు. సంతకం పెట్టేనాడు వచ్చే ఏడాది ద్రవ్యోల్బణం ఎంతో ఎవరికి తెలుస్తుంది? 2025 జనవరి 17 నుంచి కొత్త ఒప్పందాల్లో అలా రాయకూడదు. పెంపు ఉంటే ఎప్పుడు, ఎన్ని పౌండ్లు, ఎన్ని పెన్నీలు అని ముందే చెప్పాలి. ఈ నియమాల తర్వాత కూడా ఆ దేశాల్లో కంపెనీలు ఫోన్లు అమ్ముతూనే ఉన్నాయి, వాయిదాలూ ఇస్తూనే ఉన్నాయి.

ఇక్కడ ముందు వరుసలోంచి ఒకరు ప్రశ్న అడుగుతున్నారు. ‘ఇంత బాధ ఎందుకు, డబ్బు కూడబెట్టుకుని ఒక్కసారే కొనుక్కుంటే సరిపోతుంది కదా?’ అని. మంచి ప్రశ్న. కొనగలిగినవారికి నేను చెప్పేదీ అదే. తాళం లేని ఫోను పూర్తి ధరకు కొనుక్కోండి, చిన్న ప్లాను తీసుకోండి, నచ్చకపోతే మరుసటి నెలే వేరే కంపెనీకి మారిపోండి. నంబరు మీతోనే వస్తుంది.

కానీ ఒక్కసారే అంత డబ్బు తీయలేని మనిషి సంగతి ఆలోచించండి. ఈరోజుల్లో ఫోను లేకుండా ఉద్యోగ దరఖాస్తు లేదు, బ్యాంకు పని లేదు, డాక్టరు అపాయింట్‌మెంటు లేదు. పాతది పగిలిపోయింది, రేపు పొద్దున పనికి కావాలి. ఆమె వాయిదాల మీదే తీసుకుంటుంది. తీసుకోవడం తప్పు కాదు. నిజాయితీగా ఇచ్చే వాయిదా పేదవారికి మేలు చేస్తుంది. ‘తెలివి ఉంటే ఒక్కసారే కొనుక్కో’ అని ఆమెతో అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఎవరి దగ్గర డబ్బు తక్కువో వాళ్ల బిల్లే ఎక్కువ పేజీలు ఉండటం నాకు చాలా కష్టంగా ఉంటుంది. వారికే అందరికంటే తేటగా చెప్పాలి.

నేను కోరేది ఒక్క అంకె. సంతకం పెట్టే తెర మీద, సంతకం గడికి పైన, అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి. ‘ఈ ఒప్పందం చివరి దాకా ఉంటే మీరు మాకు కట్టేది మొత్తం ఇంత.’ ఫోను, ప్లాను, పన్ను, రుసుములు, బీమా అన్నీ కలిపి. దాని కింద ఇంకో వరుస: ‘ఏడాదికి వదిలేస్తే ఆ రోజు కట్టాల్సింది ఇంత.’ ఈ రెండూ కంపెనీ కంప్యూటర్లో లేనివి కావు. ముప్పై ఆరు నెలల వాయిదాను పైసాతో సహా లెక్కకట్టే యంత్రం, వాటిని కూడలేదంటే నేను నమ్మను.

అది వచ్చేదాకా మీరే అడగండి. సంతకానికి ముందు, ఆ ఒప్పందం మొత్తం నా ఈమెయిల్‌కు పంపండి, ఇంటికి వెళ్లి చదువుకుని రేపు వస్తాను అనండి. ‘ఈ ధర ఈరోజుకే’ అంటారు. ఈరోజుకే అనే ధరలు నేను నా ఉద్యోగంలో చాలా చూశాను, మరుసటి వారం మళ్లీ కనిపించేవి. వెనక వరుసలో జనం ఉన్నారని మొహమాటపడకండి. మీ ముందు ఉన్నది మూడేళ్ల బాకీ.

అక్కయ్య బిల్లు ఏమైందో చెప్పి ముగిస్తాను. రెండో బిల్లులోనూ ‘36లో 0’ అనే ఉంది. మూడో దానిలోనూ అంతే. కంపెనీకి ఫోను చేశాం. మొదటి రోజు నలభై నిమిషాలు సంగీతం వినిపించి లైను పోయింది. రెండో రోజు ఒకావిడ ఎత్తి, మీ పాత ఫోను మాకు చేరినట్టు లేదు, అందుకే తగ్గింపు మొదలు కాలేదు అంది. అక్కయ్య మొహం పాలిపోయింది. ఆ దుకాణం బల్ల మీదే ఇచ్చి వచ్చాం కదా. అప్పుడు మేము తీసుకున్న ఫోటోలు, ఐఎంఈఐ సంఖ్య, ఆ రోజు ఇచ్చిన రసీదు పంపించాం. పదకొండు రోజుల తర్వాత, దొరికింది అని సందేశం వచ్చింది. నాలుగో బిల్లు మొన్న వచ్చింది, ఇదిగో. ‘ఫోను వాయిదా, 36లో 4’. ‘ప్రత్యేక తగ్గింపు, 36లో 1’. మొదటి మూడు నెలల తగ్గింపు ఏమైందో ఇంకా అడగాలి. సోమవారం పొద్దున మళ్లీ ఫోను చేస్తున్నాం.

మీలో ఎవరైనా బిల్లు తెచ్చుకుని ఉంటే ఈ బల్ల దగ్గరికి రండి. నా దగ్గర కళ్లద్దాలున్నాయి, పెన్సిలుంది. కూర్చుని చూద్దాం.